ప్రశ్నించు హక్కు – సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితము

కృష్ణానదికి ఇరుగడల నున్న గద్వాల, వనపర్తి, అమరచింత సీమలు పూర్వము సంస్థానములు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గద్వాల, కృష్ణకు ఉత్తరమున అమరచింత, దానికి తూర్పుగా వనపర్తి. అమరచింత ప్రభువులకు ఆత్మకూరు రాజధాని. అచ్చటి నేతగాండ్రు నేసిన సన్నని ధోవతులకును తలపాగాలకును గొప్ప పేరుండెను. ఈ మూడు ఆస్థానములును తెలుగు పండితులను, అవధానులను ఆదరించినవి. తిరుపతి వేంకటకవులు సైతము ఈ సంస్థానములను దర్శించి సత్కారములు పొందిరి. కవి పద్యము చెప్పుటకు ఈ సీమలో చోటుండెను. రైతు తన కష్టమును చెప్పుకొని, పైవారి ఆజ్ఞకు కారణమేమని అడుగుటకు మాత్రము చోటు లేకుండెను. పైన నిజాము ప్రభుత్వము, దాని క్రింద సంస్థానాధిపతి, ఆ క్రింద గ్రామాధికారి, ముగ్గురును ఆజ్ఞాపించువారే. అట్టి నేలపై పుట్టి, ప్రజలపక్షమున అడుగుటయే జీవితవ్రతముగా చేసికొనినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన నడిగడ్డలోని బోరవెల్లిలో జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. ఈ రెండును నేడు జోగులాంబ గద్వాల జిల్లాలోనివి. తల్లి రంగమ్మగారు, తండ్రి నారాయణరెడ్డిగారు. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలోనే బొంబాయి నగరమున ప్లేగు బయటపడెను. జనులు నగరమును విడిచి పారిపోజొచ్చిరి. కలకత్తాలో గవర్నరు జనరలు శాసనసభయందు 1897 జనవరి 28న ఒక బిల్లు ప్రవేశపెట్టబడి, ఫిబ్రవరి 4వ తేదీకే చట్టమయ్యెను. వారము దినములలో ముగిసిన ఆ చట్టమునకు నాలుగే సెక్షనులు. అంటువ్యాధి నాపుటకు ప్రభుత్వము తనకు తోచిన నిబంధనలు విధింపవచ్చును. వానిని మీరినవారు శిక్షార్హులు. సద్భావముతో వానిని అమలుజరిపిన అధికారిపై వ్యాజ్యము చెల్లదు. ఈ అధికారమును ఎవరు, ఎప్పుడు, ఏ రీతిని పరిశీలింపవలెనో అందు చెప్పబడలేదు.

ఆ కలకత్తా సభలో కొలదిమంది భారతీయ సభ్యులుండిరి. 1892 నాటి శాసనమువలన వారికి ప్రశ్నలు వేయు హక్కు లభించెను. కాని ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానముపై మరల ప్రశ్నించు వీలు లేదు. అనుబంధ ప్రశ్న వేయు హక్కు 1909 వరకును రాలేదు. పరిశీలన లేని నిర్బంధము ఎంత దూరము పోగలదో పూనా నగరము చూచెను. సైనికులు ఇండ్లలో ప్రవేశించి రోగులకై వెదకిరి. ప్రజల యాగ్రహము పెచ్చు పెరిగెను. 1897 జూనులో ప్లేగు కమిషనరుపై కాల్పులు జరిగెను. ఆ సంవత్సరమే తిలకు మహాశయుడు రాజద్రోహ నేరమునకు చెరసాల పాలయ్యెను. వ్యాధిని ఆపవలసినదే, కాని ఆపు విధమును గూర్చి అడిగినవాడు ద్రోహి యనిపించుకొనుట ఆనాటి పాలనారీతి.

నిజాము రాజ్యములో ఆపాటి సభయు లేదు. హైదరాబాదులో 1893లో ఒక శాసన నిర్మాణసభ ఏర్పడిన మాట నిజమే. అందు అధికారులదే ఆధిక్యము. సామాన్య ప్రజలు ఓటువేసి పంపిన ప్రతినిధి అందొక్కడును లేడు. రాజ్యజనులలో దాదాపు సగము మంది తెలుగువారైనను కచేరీలలో ఉర్దూ భాషయే నడిచెను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. ప్రశ్నించుటకు సభ లేకపోవుట ఒక లోపము. ప్రశ్నింపదలచిన భాషకే గౌరవము లేకపోవుట రెండవ లోపము. ప్రతాపరెడ్డిగారి కార్యరంగ మిట్టిది.

రెడ్డిగారు కర్నూలులోను, హైదరాబాదులోను, మద్రాసులోను విద్యాభ్యాసము చేసిరి. సంస్కృతాంధ్రములు చక్కగా అభ్యసించిరి. ఉర్దూ, ఆంగ్లములు వారికి స్వాధీనములు. న్యాయశాస్త్ర పట్టము పొంది కొంతకాలము వకీలుగా నుండిరి. కాని ఆ వృత్తిలో నిలువలేదు. హైదరాబాదులోని రెడ్డి విద్యార్థి వసతిగృహ నిర్వహణ భారమును స్వీకరించి, పల్లెలనుండి వచ్చు బాలురకు చదువుమీద, గ్రంథాలయముమీద అభిరుచి కల్పించిరి. ఆ వసతిగృహమునకు మూలపురుషులు రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారు. వారు వనపర్తి సంస్థానములోని రాయణిపేటవారు. 1920 మొదలు 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలు. అనగా ప్రతాపరెడ్డిగారిని ఆదరించిన పెద్దలు నగర పోలీసులకు అధిపతులు. ప్రతాపరెడ్డిగారు వ్రాయదొడగినదో, పోలీసుల దౌర్జన్యములను గూర్చియు, ప్రభుత్వపు ఆంక్షలను గూర్చియు! పెద్దలయెడ కృతజ్ఞతయు ప్రజలయెడ కర్తవ్యమును ఒకే హృదయమున మోయవలసిన స్థితి అది. రెండింటిలో దేనిని కూడ ఆయన విడువలేదు.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడెను. అప్పటికి తెలంగాణమున తెలుగు పత్రికలు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. 1922లో షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను, ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తినుండి తెనుగు పత్రికను నడపిరి. గోలకొండ పత్రిక వారమునకు రెండుమారులు వెలువడుచుండెను. వెట్టిచాకిరి, గ్రామాధికారుల దౌర్జన్యము, పాఠశాలల కొరత, తెలుగునకు జరుగు అన్యాయము, ఇవి యందలి నిత్యవిషయములు. శాసనసభలో సభ్యుడు మంత్రిని అడుగవలసిన ప్రశ్నను ఇచ్చట సంపాదకుడు అడిగెను. సమాధానము వచ్చునను ఆశ లేకున్నను, ప్రశ్న అచ్చులో నిలిచెను. పల్లెలో ఒకరు చదువగా పదిమంది వినిరి. తమ కష్టము తమ ఒక్కరిదే కాదనియు, దానికి బాధ్యులు కలరనియు వారికి తెలియవచ్చెను.

ఆనాటి నిర్బంధములలో ఉపాధ్యాయలోకము మరువరానిది ఖాన్గీ పాఠశాలల నిబంధన. ప్రభుత్వానుమతి లేక ఎవరును సొంతముగా బడి నడుపరాదని 1924లో శాసించిరి. వీధిబడులు అనేకములు మూతపడెను. రెండవది గష్తీ నిషాన్ 53 అను ఉత్తరువు. సభ జరుపదలచినవారు ముందుగా అధికారుల అనుమతి పొందవలెను. సంఘసంస్కారమునకైనను, గ్రంథాలయమునకైనను, అది రాజకీయము కాదని అధికారులను ఒప్పింపవలెను. ఈ ఉత్తరువును జారీ చేయుటకు ముందు ఏ ప్రజాప్రతినిధి సమ్మతియు అడుగలేదు. జారీ అయిన పిదప దానివలన కలిగిన మేలేమని సమీక్షించు సభయు లేదు. శాంతిరక్షణకని వచ్చిన ఉత్తరువు ఏండ్లతరబడి నిలిచిపోయెను. తాత్కాలికమని చెప్పబడిన నిర్బంధమునకు గడువు అడుగువాడు లేనిచో, అది స్థిరనివాస మేర్పరచుకొనును.

ఈ ఆంక్షల నడుమనే 1930 మార్చి 3, 4, 5 తేదీలలో మెదకు జిల్లా జోగిపేటలో ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారు. అచ్చటనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను ఆంధ్ర మహిళాసభయు జరిగెను. తొమ్మిదేండ్లకు పూర్వము రాజధానిలో గేలిపాలైన తెలుగే ఈ సభకు వ్యవహారభాష అయ్యెను. విద్య, గ్రంథాలయములు, సంఘసంస్కారము అచ్చట చర్చకు వచ్చెను. చర్చించి, తీర్మానించి, ప్రభుత్వమునకు పంపుట అనునది శాసనసభా పద్ధతి. శాసనసభ లేని ప్రజలు దానిని మహాసభలలో అభ్యసించిరి. మరుసటి సంవత్సరము దేవరకొండలో జరిగిన ద్వితీయ మహాసభకు బూర్గుల రామకృష్ణారావుగారు అధ్యక్షులు. గష్తీ 53ను రద్దుచేయవలెనను కోరిక తరువాతి మహాసభలలో మరల మరల వినవచ్చెను.

పత్రికపైనను నిర్బంధము వచ్చెను. సంపాదకీయములను ముందుగా ప్రభుత్వమునకు చూపి, అనుమతి పొందినగాని ప్రకటింపరాదని ఆజ్ఞ. రెడ్డిగారు పత్రికను మూయలేదు. చూపి అనుమతి పొందుటకును పూనుకొనలేదు. సంపాదకీయ ముండవలసిన చోట లోకములోని మహనీయుల సూక్తులను ఏర్చి కూర్చి ప్రకటింపసాగిరి. స్వాతంత్ర్యమును గూర్చి, న్యాయమును గూర్చి ఏ దేశపు మేధావియో ఏనాడో చెప్పిన మాటను నిషేధించుట ఏ అధికారికిని సాధ్యము కాకపోయెను. చదువరి ఆ సూక్తిని చదివి, తన రాజ్యమును చూచుకొని, వ్రాయబడని సంపాదకీయమును తానే మనసున వ్రాసికొనెను. పాలనలోని వింతలను ఎత్తిచూపుచు రెడ్డిగారు వ్రాసిన మొగలాయి కథలును ఈ బుద్ధిబలమునకు నిదర్శనములే.

నిందకు కోపముతోగాక సాక్ష్యముతో బదులు చెప్పుట వారి నైజము. తెలంగాణమున తెలుగు కవులు పూజ్యమని ముడుంబ వేంకట రాఘవాచార్యులుగారు వ్రాసిరి. రెడ్డిగారు పత్రికాముఖమున కవులను ఆహ్వానించిరి. ఊరూరినుండి పద్యములు వచ్చెను. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడెను. అందు 354 మంది కవులు! గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సీమల పద్యవిద్య వట్టిది కాదని దానితో లోకమునకు తెలిసెను. ఇది సాహిత్యాభిమానముతో చేసిన పని యగుట నిజమే. అంతకు మించి, లేరు అను మాటను లెక్కపెట్టి తిప్పికొట్టిన పని. ఒకరు లేరని చెప్పినంతమాత్రమున ప్రజలు లేకపోరు. వారి పేర్లు వ్రాసి చూపువాడు కావలెను.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఏర్పడుటకు ముందే నిషేధింపబడెను. ఆ నిషేధము 1946 వరకు తొలగలేదు. 1939లో ప్రకటించిన రాజ్యాంగ సంస్కరణలు యుద్ధము పేర వాయిదాపడెను. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసు చర్యతో నిజాము నిరంకుశత్వము అంతరించెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. సంస్థానముల పాలనయు ముగిసెను. అదే సంవత్సరము రెడ్డిగారి మహాగ్రంథము ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రకటితమయ్యెను. రాజుల యుద్ధములను, వంశావళులను ప్రక్కకునెట్టి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, దేనికి భయపడిరి అను విషయములను కావ్యములనుండి, శతకములనుండి, సామెతలనుండి వెలికితీసిన గ్రంథమది. పత్రికలో వర్తమాన ప్రజలకు కల్పించిన స్థానమునే ఇందు గతించిన ప్రజలకును కల్పించిరి.

1952లో వయోజన ఓటింగుతో హైదరాబాదు రాష్ట్రమునకు తొలి ఎన్నికలు జరిగెను. శాసనసభ స్థానములు 175. ప్రతాపరెడ్డిగారు కాంగ్రెసు అభ్యర్థిగా వనపర్తినుండి ఎన్నికైరి. ఒకనాటి సంస్థాన రాజధాని ఓటువేసి తన ప్రతినిధిని పంపెను. దేవరకొండ మహాసభ అధ్యక్షులైన బూర్గులవారు ముఖ్యమంత్రులైరి. ఒకనాడు సభలు జరుపుటకై నిజాము నధికారుల అనుమతిని వేడినవారే నేడు పాలకులు. ప్రశ్నించు స్వభావమునకు అసలు పరీక్ష ఇచ్చటనే కలదు. పరుల ప్రభుత్వమును అడుగుట సాహసము. మనవారి ప్రభుత్వమును అడుగుట అంతకంటె కఠినము. ఆ సంవత్సరము సెప్టెంబరులో ముల్కీ ఉద్యమ సందర్భమున హైదరాబాదు సిటీ కళాశాల ప్రాంతమున పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టమయ్యెను. న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారిచే విచారణ జరిపింపవలసివచ్చెను. నిజాము కాలమున కాల్పులకు సంజాయిషీ లేదు. ఎన్నికైన ప్రభుత్వము విచారణకు లోబడకతప్పదని ప్రజలు చూచిరి.

సభలో రెడ్డిగారు ఎక్కువకాలము కూర్చుండుటకు విధి అనుమతింపలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన, 57 ఏండ్ల వయస్సున, వారు పరమపదించిరి. దాదాపు ఇరువదియారు సంవత్సరములు సభ లేకయే ప్రశ్నించినవారికి సభ లభించినది ఒకటిన్నర సంవత్సరము మాత్రమే. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగున తన మొట్టమొదటి పురస్కారమును ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేకపోయెను. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు రెడ్డిగారి పేరు పెట్టుటకు తెలంగాణ శాసనసభ చట్టము చేసెను.

ఆయన పుట్టిన కొలదినెలలకు పుట్టిన ఆ నాలుగు సెక్షనుల చట్టము మాత్రము ఆయనకంటె దీర్ఘాయువు కలదయ్యెను. 2020లో కరోనా వ్యాధి ప్రబలగా తెలంగాణ ప్రభుత్వము మార్చి నెలలో ఆ 1897 చట్టము క్రిందనే నిబంధనలు వెలువరించెను. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటించి, ఆ అర్ధరాత్రి మొదలు కేంద్రప్రభుత్వము దేశమంతట రాకపోకలు నిలిపివేసెను. అది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము క్రింద జరిగినది. పార్లమెంటు అంతకు ముందు దినము, మార్చి 23ననే, నిరవధికముగా వాయిదాపడియుండెను. పాలమూరు జిల్లా కూలీలు తరతరములుగా బొంబాయికి, పూనాకు పనికై పోవువారు. గద్వాల, ఆత్మకూరు, అమరచింత పల్లెలనుండి అట్లు పోనివారి కుటుంబము అరుదు. దేశమున లక్షలాది వలసకూలీలు పనియు కూడును లేక రహదారులవెంట నడచిరి. ఆ నెలలలో వారిపక్షమున మంత్రిని నిలిపి అడుగుటకు పార్లమెంటు సమావేశములో లేదు.

సభ మరల కూడినది సెప్టెంబరు 14న. వ్యాధిభయము కారణముగా ఆ సమావేశములకు ప్రశ్నోత్తర సమయమును తొలగించిరి. లిఖితపూర్వక ప్రశ్నలను మాత్రము నిలిపిరి. ఆ మిగిలిన సన్నని త్రోవలోనుండియే ఒక ప్రశ్న వచ్చెను. స్వస్థలములకు మరలుచు మృతినొందిన వలసకూలీలెందరు? అట్టి లెక్క తమవద్ద లేదని కార్మికశాఖ లోకసభకు లిఖితపూర్వకముగా తెలియజేసెను. ఆ సమాధానము దేశమంతట చర్చకు వచ్చెను. మంత్రి ఎదుట నిలిచియుండినచో అనుబంధ ప్రశ్న వచ్చియుండెడిది. లెక్క ఏల లేదు? ఎవరు వ్రాయవలసియుండెను? ఇకనైనను వ్రాయుదురా? కాగితముపై వచ్చిన సమాధానమునకు ఆ ప్రశ్నలు వేయు వీలు లేదు. 1892 నాటి కలకత్తా సభ్యులకు లేకపోయిన హక్కే 2020 సమావేశమున సభ్యులకు కరవయ్యెను.

మహమ్మారి కాలమున నిర్బంధములే కూడదని విజ్ఞులెవ్వరు అనరు. అంటురోగమునకు తర్జనభర్జనలు తెలియవు. త్వరగా ఆజ్ఞాపించు అధికారము ప్రభుత్వమునకు కావలసినదే. కాని ఆజ్ఞ ఎంత వేగమైనదో దాని పరిశీలనయు అంత త్వరగా రావలెను. గడువెంత, నష్టపోవువారెవరు, వారికి అన్నము పెట్టునదెవరు అని అడిగినవాడు చికిత్సకు అడ్డుపడువాడు కాడు. అతని ప్రశ్నవలన తప్పిన ఆజ్ఞ దిద్దబడును. సరియైన ఆజ్ఞపై జనులకు నమ్మకము కుదురును. పూనా ప్రజలు ప్లేగుకంటె సైనికుని తలచి వణకుటకు కారణము ఆ నమ్మకము లేకపోవుటయే.

గోలకొండ పత్రిక పాతసంచికలను, గోలకొండ కవుల సంచికను విద్యార్థులచేత చదివింపదలచిన ఉపాధ్యాయులు సాహిత్యముతోపాటు ఈ దృష్టితోను చదివింపవచ్చును. ఒక ప్రభుత్వోత్తరువును తీసికొని, అది ఎవరు జారీచేసిరి, ఎవరి సమ్మతితో చేసిరి, ఎంతకాలమునకు చేసిరి, దానివలన ఎవరికేమి జరిగెనని వ్రాసి చూపుమని అడిగినచో, పదునాలుగేండ్ల బాలుడైనను ఆ పని చేయగలడు. తెలుగు కవులు లేరన్నప్పుడు ప్రతాపరెడ్డిగారు 354 పేర్లు వ్రాసి చూపిరి. 2020 వేసవిలో దారిలో రాలిపోయిన కూలీల పేర్లు వ్రాయవలసిన పుట ఇంకను ఖాళీగానే యున్నది.